నేను గీత దాటలేదు, గీతే నా వెంట వచ్చింది

పైక్ క్రీక్, అయోవా
1993 ఫిబ్రవరి 8

ఆరుగురి ఆట వీడ్కోలు వేడుకల కమిటీ కార్యదర్శి
శ్రీ లోవెల్ బ్రూనింగ్ గారి సముఖమునకు,
డి మోయిన్.

అయ్యా,

విషయం: 1931 మార్చి 6వ తేదీన నేను వేసిన ఒకే ఒక్క బాస్కెట్‌ను (రెండు పాయింట్లు) అరవై రెండేళ్ల జాప్యంతోనైనా లెక్కలో చేర్చుట గురించి, మరియు వేడుక రోజున నడిగీత దాటుట గురించి.

సూచిక: తమరు పంపిన ఆహ్వానపత్రం, తేదీ జనవరి 25.

పైక్ క్రీక్ నివాసి, కీర్తిశేషులు గెర్హార్డ్ హార్బర్ట్స్ గారి భార్య, డెబ్బై తొమ్మిదేళ్ల అల్వీనా హార్బర్ట్స్ అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

తమరి ఆహ్వానం అందినది. అమ్మాయిల ఆరుగురి బాస్కెట్‌బాల్ ఈ ఏటితో ఆగిపోతున్నదనీ, వచ్చే ఏటి నుంచి మగపిల్లల్లాగే ఐదుగురేసి మైదానమంతా పరుగెత్తుతారనీ, అందుకని మార్చి 13న పాత ఆటగత్తెలందరినీ మైదానంలోకి పిలిచి ఒక్కొక్కరి పేరూ, జీవితంలో వేసిన పాయింట్లూ మైకులో చదువుతారనీ రాశారు. సంతోషం. దానితోపాటు నా పేరున్న కాగితం ఒకటి పంపారు. అందులో "అల్వీనా హార్బర్ట్స్, ఎమ్డెన్ గ్రోవ్ బడి, నాలుగేళ్లు, పాయింట్లు: 0" అని ఉన్నది. తప్పులుంటే ఫిబ్రవరి 20 లోపు తెలుపవలెనని కింద రాసి ఉన్నది. తప్పు ఉన్నది. కావున తెలుపుకొనుచున్నాను.

ఈ అర్జీని టైపు చేయుచున్నది నా ఆడపడుచు హుల్డా మైంట్స్. నా వేళ్లు వంకరపోయినవి గనుకనూ, ఆమె పైక్ క్రీక్ బడిలో ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు టైపు నేర్పినది గనుకనూ ఆమెకే అప్పగించవలసి వచ్చినది. ఈ వ్యవహారంలో ప్రతివాది కూడా ఆమెయే. ఊళ్లో వేరే టైపు మిషను లేదు.

[టైపిస్టు గమనిక: ఉంది. బ్యాంకులో ఉంది. వెళ్లి అడగడానికి ఈవిడకి మొహం చెల్లలేదు.]

1. తమరు వయసులో చిన్నవారు (ఆహ్వానం మీద ఫొటో చూశాను). కాబట్టి పాత నియమాలు ఒకసారి మనవి చేయుచున్నాను. జట్టుకు ఆరుగురు. ముగ్గురు బంతి వేసేవాళ్లు, ముగ్గురు ఆపేవాళ్లు. మైదానం మధ్యలో గీత. మా జట్టులో వేసేవాళ్లు అవతలి సగంలో ఉంటే, ఆపేవాళ్లం ఇవతలి సగంలో ఉండి ఎదుటి జట్టు వాళ్లను ఆపవలెను. బంతి చేతికి చిక్కితే గీత దాకా తెచ్చి అవతల ఉన్న మావాళ్లకు విసరవలెను. బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టరాదు. ఎవరూ, ఎట్టి పరిస్థితిలోనూ, గీత దాటరాదు. నేను ఆపేదాన్ని. అంటే నాలుగేళ్లలో ఒక్కసారి కూడా బాస్కెట్ కేసి బంతి వేసే హక్కు నాకు లేదు. కాళ్లు కట్టేసి పరుగు పందెంలో ఆఖరున వచ్చిందని రాసినట్టు, నాకు సున్నా వేశారు.

2. ఆ గీత ఎందుకు గీశారో కూడా తమరు తెలుసుకొనవలెను. 1929లో కౌంటీ ఆరోగ్య డాక్టరు గారు మా బడికి దయచేసి, మైదానం మొత్తం పరుగెత్తితే ఆడపిల్ల గుండె తట్టుకోలేదనీ, సగం అయితే పర్వాలేదనీ, పోటీ ఎక్కువైతే సంతానయోగం పోతుందనీ, గొంతు మగవాళ్లలా బొంగురుపోతుందనీ గంటసేపు ఉపన్యసించారు. ఆ పొద్దున నేను పదకొండు ఆవుల పాలు పితికి, పందులకు నీళ్లు మోసి, రెండున్నర మైళ్లు మంచులో నడిచి బడికి వచ్చి ఆ ఉపన్యాసం విన్నాను. మా అమ్మ వెనక బెంచీలోంచి లేచి, "డాక్టరు గారూ, మరి గడ్డిమోపులు ఎత్తితేనో?" అని అడిగింది.

"అది పనమ్మా, ఆట కాదు. పనికైతే గుండె అలవాటు పడుతుంది" అన్నారాయన.

ఇంటికి నడుస్తూ మా అమ్మ అంది, "ఏమోనే, ఆయన చెప్పిందే నిజమైతే నేను పదిహేనేళ్ల కిందటే పోయుండాలి." తర్వాత నాకు ఐదుగురు పిల్లలు పుట్టారు. గొంతు ఎప్పటిలాగే ఉన్నది.

[టైపిస్టు గమనిక: గొంతు విషయంలో మాత్రం డాక్టరు చెప్పిందే నిజం.]

నగరంలో ఇంకా అన్యాయం. మా పిన్ని కూతురు లోరెనా అక్కడ చదివేది. అక్కడి పెద్ద చదువుల పంతులమ్మలే కూడబలుక్కుని ఆడపిల్లలకు గెలుపూ ఓటమీ పనికిరావని తీర్మానించారు. నాలుగు బళ్ల పిల్లల్ని ఒకచోటికి పిలిచి, కలగాపులగం చేసి, ఏ బడీ గెలవకుండా జట్లు కట్టేవారు. ఆటయ్యాక నిమ్మరసం, బిస్కెట్లు. "ఎవరు గెలిచారే?" అని అడిగితే లోరెనా కాసేపు ఆలోచించి "బిస్కెట్లు బాగున్నాయి" అనేది. దానితో పోలిస్తే మా పల్లెటూళ్లే నయం. గీత ఉన్నా ఆట ఉండేది. శుక్రవారం వస్తే ఊరంతా కొట్లు కట్టేసి మమ్మల్ని చూడటానికి వచ్చేది. కాబట్టి గీతను నేను పూర్తిగా తిట్టుట లేదు. సగమే తిట్టుచున్నాను.

3. ఇక అసలు సంగతి. ఎమ్డెన్ గ్రోవ్‌లో ఆట ఆడే హాలు బడిది కాదు, రైతు సంఘానిది. శనివారాలు అక్కడ డాన్సులు. నేల మీద రంగు పూస్తే ఊరుకోమని సంఘం వారు ఖండితంగా చెప్పారు. అందుచేత మా లెక్కల మాస్టారూ, కోచ్ కూడా అయిన టాలెన్ గారు ప్రతి శుక్రవారం దెబ్బలకు వేసే తెల్లటి జిగురు పట్టీని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేలకు అంటించేవారు. మర్నాడు పీకేసేవారు. గీత అనగా ఆ పట్టీయే.

బంతి అవతలి సగంలో ఉన్నంతసేపూ ఇవతలి ఆరుగురికీ పని ఉండదు. కంచె దగ్గర ఆవుల్లా గీత దగ్గర నిలబడి అటే చూడాలి. పైక్ క్రీక్ జట్టులో బంతి వేసేది హుల్డా. ఆమెను ఆపేది నేను. కాబట్టి నాలుగేళ్లూ ఇద్దరం పక్కపక్కనే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాం. ఏం చేస్తాం, మాట్లాడుకున్నాం.

"మీకెన్ని ఆవులు?"

"పదకొండు. మీకో?"

"పద్నాలుగు."

"గొప్పే. అది సరేగానీ ట్రక్కు తోలుకొచ్చాడే, ఆ చెవులవాడెవడు?"

"మా తమ్ముడు. చెవుల జోలికి రాకు."

అంతలో బంతి ఇటు వచ్చేది. మళ్లీ మోచేతులతో పొడుచుకునేవాళ్లం. ఆ చెవులవాణ్ని రెండేళ్ల తర్వాత నేను పెళ్లి చేసుకున్నాను. అది ఈ అర్జీకి సంబంధించిన విషయం కాదు.

3-ఎ. 1931 మార్చి 6, శుక్రవారం. కౌంటీ ఆఖరి పోటీ. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు డి మోయిన్ వెళతారు. అప్పటికి నేను డి మోయిన్ చూడలేదు. హాలు కిక్కిరిసిపోయి, దాన్ని వెచ్చబెట్టే రేడియేటర్లు రెండూ బుసలు కొడుతున్నాయి. ఇరవై ఇరవై మీద సమానంగా ఉన్నాం. ఇక కొన్ని క్షణాలే ఉన్నాయనగా హుల్డా బంతి వేసింది. నేను ఎగిరి ఆపాను. బంతి నా చేతికి చిక్కింది. నేలకు కొట్టుకుంటూ గీత దగ్గరికి పరుగెత్తాను. ఆ వేడికి పట్టీ జిగురు కరిగినది కాబోలు, నా ఎడమ కాలు గీత కొస మీద పడగానే గీత నా బూటుకు అంటుకుని లేచి వచ్చినది.

అయ్యా, గీత కనబడగానే ఆగడం నా కాళ్లకు నాలుగేళ్ల అలవాటు. ఆగుదామని కిందికి చూశాను. గీత లేదు. ఇంకాస్త ముందు ఉంటుందేమోనని ముందుకు పోయాను. అక్కడా లేదు. అలా వెతుక్కుంటూ పోగా ఎదురుగా బాస్కెట్ కనబడ్డది. చేతిలో బంతి ఉన్నది. ఇంకేం చేయను? వేశాను. పడ్డది. బంతిని నేలకు కొట్టినది రెండుసార్లే.

[టైపిస్టు గమనిక: మూడుసార్లు.]

రెండే.

[టైపిస్టు గమనిక: మూడు. నేను అక్కడే నిలబడి చూశాను.]

రెఫరీ శ్రీ ఓటో క్రూగర్ గారు, వృత్తిరీత్యా పశువుల డాక్టరు, ఈల ఊదారు. వెనక్కి తిరిగి చూస్తే నా బూటు నుంచి హాలు మధ్య దాకా పొడుగ్గా తెల్లటి తోక ఉన్నది. అప్పుడు అడిగాను, ఇప్పుడు తమరినీ అదే అడుగుచున్నాను: గీత దాటితే కదా నేరం? నేను బాస్కెట్ దగ్గర ఉన్నప్పుడు గీత కూడా బాస్కెట్ దగ్గరే, నా కాలి కిందే ఉన్నది. నేను గీత దాటలేదు. గీతే నా వెంట వచ్చినది.

నలభై నిమిషాలు ఆట ఆగిపోయింది. క్రూగర్ గారు, టాలెన్ మాస్టారు, ఇరుబళ్ల పెద్దలు, చివరకు చర్చి పాస్టరు గారు కూడా గుమిగూడారు. పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "దాటాలన్న ఉద్దేశం మనసులో ఉందా తల్లీ?" అని అడిగారు.

"లేదండీ. ఆగాలన్న ఉద్దేశమే ఉంది. ఆగడానికి చోటు దొరకలేదు" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నారు. నవ్వో ఏడుపో తెలియలేదు. చివరికి క్రూగర్ గారు బల్ల ఎక్కి తీర్పు చదివారు: "గీత ఎచటికి పోయినను, గీత ఉండవలసిన చోటనే ఉన్నట్లు భావించవలెను." నా బాస్కెట్ కొట్టేశారు. నా తప్పుకు శిక్షగా, అడ్డం ఎవరూ లేకుండా ఒక్క బంతి వేసే అవకాశం పైక్ క్రీక్‌కు ఇచ్చారు. హుల్డా వేసింది. పడింది. ఇరవై ఒకటి, ఇరవై. ఆమె డి మోయిన్ వెళ్లింది. నేను ఇంటికి వెళ్లి పాలు పితికాను.

4. (ఈ అంశమును టైపు చేయుటకు టైపిస్టు నిరాకరించినది. మాటామాటా పెరిగి, పొయ్యిలో రొట్టె మాడినది. ప్రస్తుతానికి ఖాళీగా వదిలివేయడమైనది.)

5. నేను కాపురానికి వచ్చినది పైక్ క్రీక్‌కే. అంటే గెలిచినవాళ్ల ఊరికి. పెళ్లయి గుమ్మంలో కాలు పెట్టబోతుండగా మా మామగారు, "చూసి దాటమ్మా, ఇక్కడ గడప ఉంది" అన్నారు. చర్చి విందులో రెండో ముక్క కేకు కోసం చెయ్యి చాపితే, "అదుగో, గీత దాటుతోంది" అనేవారు. పెద్దవాడు నెల ముందే పుట్టాడు. మంత్రసాని కూడా వినేలా మా వదిన హుల్డా అంది, "వీడూ తల్లిలాగే, ఆగాల్సిన చోట ఆగలేదు." ఊరి రోడ్డుకు మొదటిసారి పసుపు గీత వేసినప్పుడు, పనివాళ్లు నన్ను చూసి బ్రష్షులు పక్కన పెట్టి, నేను అవతలికి పోయేదాకా నిలబడ్డారు. అరవై ఏళ్లు, అయ్యా. నవ్వుతూనే ఉన్నాను. ఏం చేయను.

పోయిన నెల మా మనవరాలు కిర్‌స్టెన్ ఈ కాగితం చూసింది. పదహారేళ్లది. తనది పెద్ద బడి, అక్కడ ఎప్పుడో ఐదుగురి ఆట వచ్చేసింది. ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తుతుంది, ఆపుతుంది, వేస్తుంది, దాని గుండెకు ఏమీ కాలేదు.

"నాయనమ్మా, నాలుగేళ్లు ఆడి ఒక్కటి కూడా వేయలేదా? మరి అక్కడ ఏం చేశావు?" అంది.

"ఆపాను."

"ఎన్ని ఆపావు?"

"ఎవరు లెక్కపెట్టారమ్మా. దానికి కాగితంలో గడి లేదు."

ఆ మాట అన్నాక నాకు ఏడుపు వచ్చినది. అర్జీలో ఏడుపు గురించి రాయరాదని టైపిస్టు అంటున్నది. వచ్చినది కాబట్టి రాయమన్నాను.

6. ఇప్పుడు అత్యవసరమైన సంగతి. ఆహ్వానం వెనక తమరి సూచనల్లో ఏడవది ఇట్లున్నది: "వేసినవారు మైదానంలో ఉత్తర సగంలోను, ఆపినవారు దక్షిణ సగంలోను నిలబడవలెను. సంప్రదాయం మీద గౌరవంతో ఎవరూ నడిగీత దాటరాదు." మా వదిన పది నెలలుగా చక్రాల కుర్చీలో ఉన్నది. ఆ కుర్చీ తోసేది నేను. లోపలికి వచ్చే ద్వారం దక్షిణాన ఉన్నది. ఆమె పోవలసినది ఉత్తరానికి.

తమరి కార్యాలయానికి ఫోను చేశాను. ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"గీత దాకా తీసుకురండి మామ్మగారూ. అక్కడ మా వాలంటీరు అందుకుంటాడు."

"మా వదిన కొత్తవాళ్లను కుర్చీ ముట్టనివ్వదమ్మా. పోయిన వారం నర్సును కరిచినంత పని చేసింది."

"పోనీ, ఆవిడను మీతోపాటు ఆపినవాళ్ల వైపే ఉంచేద్దామా?"

పక్కనుంచి మా వదిన ఫోను లాక్కుని, "నన్నా? సున్నాల మధ్యనా?" అంది.

[టైపిస్టు గమనిక: అన్నాను. కాదనను.]

"అయితే ఒక్కటే దారి మామ్మగారూ" అంది ఆ అమ్మాయి. "మీరే వేసినవాళ్లలో చేరాలి. దానికి మీ పేరు మీద కనీసం ఒక్క బాస్కెట్ అయినా ఉండాలి."

ఉన్నది, అయ్యా. అదే నేను మొదటి నుంచీ చెప్పుచున్నది.

కావున తమరు దయతలచి,

(అ) 1931 మార్చి 6న వేసిన బాస్కెట్‌ను అంగీకరించి, నా పేరు పక్కన 2 అని రాయించి, నన్ను వేసినవారిలో చేర్చవలెను.

(ఆ) అది వీలుకానిచో, కుర్చీ తోయువారిని ఆటగత్తెలుగా గాక కుర్చీలో భాగముగా పరిగణించి గీత దాటనివ్వవలెను.

(ఇ) అదియును వీలుకానిచో, వేడుక నాటి నడిగీతను కూడా జిగురు పట్టీతోనే వేయించి, నేను నడిచినప్పుడు అది నా వెంట వచ్చునట్లు ఏర్పాటు చేయించవలెను. అప్పుడు ఎవరూ గీత దాటినట్లు కాదు.

జతపరిచినది: అసలు గీత, ఒకటి. ఆ రోజు బూటు నుంచి ఊడదీసి చుట్ట చుట్టి దాచుకున్నాను. కాఫీ డబ్బాలో ఉన్నది. నా ఎడమ మడమ గుర్తు స్పష్టంగా కనబడును. నా దగ్గర ఉన్న ఆధారం ఇది ఒక్కటే. కావున పరిశీలించిన వెంటనే రిజిస్టరు పోస్టులో భద్రముగా తిరిగి పంపవలెను.

పై సంగతులన్నీ ఒకటికి రెండుసార్లు చదివి చిత్తగించవలెను. రెండుసార్లకు మించి అక్కరలేదు, నియమం నాకు తెలుసు.

తమ విధేయురాలు,
అల్వీనా హార్బర్ట్స్
(ఆపినది)

తా.క. ఇది టైపిస్టు సొంతంగా రాస్తున్నది. అల్వీనా కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ కళ్లజోడు నా ఒడిలో దుప్పటి కింద ఉంది, ఇప్పట్లో దొరకదు. అందుకని త్వరగా చెప్పేస్తాను.

బంతి కొట్టింది రెండుసార్లే. అరవై రెండేళ్లుగా మూడని నేనే అంటున్నాను.

పట్టీ వేడికి ఊడలేదు. గీత దగ్గర ఊరికే నిలబడి ఆవుల గురించి మాట్లాడుతున్నప్పుడు, ఏమీ తోచక, బూటు కొసతో దాన్ని గీకింది నేను. జానెడు లేచింది. లేచిందని నాకు తెలుసు. అల్వీనా అటే పరుగెత్తుకొస్తుంటే చూశాను. చెప్పలేదు. తర్వాత వెళ్లి ఆ ఒక్క బంతీ వేశాను. తొందరలో టైపు చేస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

నాలుగో అంశం నా గుండె గురించి. ఇంకో చలికాలం చూడటం కష్టమని డాక్టరు అన్నాడు. మీరు త్వరపడతారని అల్వీనా అది రాయమంది. నా గుండె సంగతి నా మిషను మీద ఎవరూ రాయించనక్కరలేదని పోట్లాడాను. ఇప్పుడు నేనే రాశాను. సగం మైదానమే పరుగెత్తినా గుండె ఇలాగే అయింది. ఆ పాత డాక్టరు బతికుంటే ఫోను చేసి చెప్పేదాన్ని.

నా పేరు పక్కన 1,611 అని రాశారు, అది సరిగ్గానే ఉంది. ఇంకెవరి మీద ఆడినా నేను ముప్పైకి తక్కువ వేయలేదు. అల్వీనా మీద ఆడిన తొమ్మిది ఆటల్లో కలిపి వేసింది నలభై నాలుగు. మిగతావన్నీ ఆమె ఆపింది. ఎన్ని ఆపిందో మీ కాగితంలో గడి లేదు, నా దగ్గర ఉంది. నావి రెండు తీసి ఆమెకు వేయండి. నాకు 1,609 చాలు.

అదీ కుదరకపోతే మానేయండి. కుర్చీ సంగతి మాత్రం చూడండి. నాలుగేళ్లు ఆమె నన్ను ముందుకు పోనివ్వలేదు. పది నెలలుగా ఆమె తోస్తే తప్ప నేను ముందుకు పోలేను. ఆ గీత దగ్గర నన్ను ఆమె చేతుల్లోంచి ఇంకొకరికి ఇప్పించకండి.

వస్తోంది. ఇక ఆపుతున్నాను.

హు. మైంట్స్

మళ్లీ తా.క. (చేతిరాత, వంకరగా ఉన్నందుకు మన్నించాలి.)

కళ్లజోడు దొరికింది. చదివాను. రేపు సాయంత్రం దాకా ఆమెతో మాట్లాడను.

ఆమె పాయింట్లు నాకు వద్దు. ఆమెవి ఆమెకే ఉంచండి, మొత్తం చదవండి, గట్టిగా చదవండి. నాకు సున్నా అనే చదవండి, పర్వాలేదు. కుర్చీ నేనే తోస్తాను. మీరు అనుమతి ఇచ్చినా తోస్తాను, ఇవ్వకపోయినా తోస్తాను.

డబ్బా పంపుతున్నాను. గీత తిరిగి పంపనక్కరలేదు.

అల్వీనా